గాడిద కాసిన కొమ్మ

మా బావ ఫిదెన్సియో కొయ్యబొమ్మలు చెక్కుతాడు. ఎవరేమడిగినా ఒకటే మాట: "నాదేముంది? బొమ్మని ప్రకృతే కొమ్మలో పెడుతుంది. నేను బెరడు తీస్తానంతే." ఈ ముక్క మా వహాకా కొండల్లో మేకలకి కూడా కంఠతా వచ్చు.

ఆ గొప్పలు అణచాలని నేను కొండమీద, బావ బొమ్మలకి కొయ్య కోసుకునే కోపాల్ చెట్టెక్కి, లేత కొమ్మల్ని తీగతో వంచి కట్టడం మొదలుపెట్టాను. మొదట ఒక కొమ్మని కుందేలు ఆకారంలో కట్టాను. బావ మురిసిపోయి కోసుకెళ్లాడు. చెయ్యి తిరిగాక ఇంకో కొమ్మని, కూర్చుని చెవి గోక్కునే గాడిదలా పెంచి, తీగ విప్పేసి దాచాను.

నిన్న బావ పట్నంవాళ్లని వెంటబెట్టుకుని కొండెక్కాడు. నేనూ వెనకే వెళ్లాను. ఆ కొమ్మ ముందు టోపీ తీసి, "చూశారా, ఇదీ ప్రకృతంటే" అన్నాడు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది కూడా.

అందరిముందూ పరువు తీసేముందు బావ మొహం మాడడం దగ్గర్నుంచి చూడాలనిపించింది. పక్కకి చేరి, జేబులోంచి తుప్పుతీగని సగం బయటికి లాగాను. "ఇది వీళ్లకి చూపించమంటావా, బావా?"

బావ బెదరలేదు. తీగని మెల్లిగా నా జేబులోకే కుక్కేశాడు.

"దాచుకో. ఈసారి ఆ పై కొమ్మకి నక్కని కట్టు. తోక దగ్గర వదులుగా ఉంచు. అప్పుడు కుందేలు చెవులు బిగించి పాడుచేశావు."

"నీకు ముందే తెలుసా?"

"తెలియకేంరా? ప్రకృతి ప్రకృతి అని నేను ఊరూరా చెప్పుకుంటోంది నీ గురించే. నీ పేరు చెబితే ఒక్కడైనా బొమ్మ కొంటాడా?"