ప్రివిలేజి

"ఇకమీదట అడవి సర్కారుది. ఇప్పపూలు ఏరుకోవడం మీకు ప్రివిలేజి," అని ఫారెస్టు గుమాస్తా కామేశం మామిడిచెట్టు కింద కుర్చీలో కూర్చుని మరైగూడ జనానికి హుకుం చదివాడు.

"అంటే ఏంది దొరా?" అన్నాడు ఊరిపెద్ద ఇర్మా.

తన ఇంగ్లీషుకు అర్థం అడిగేవాడు దొరికినందుకు కామేశానికి ప్రాణం లేచొచ్చింది.

"లాటిన్లో పుట్టిన మాట. ఒకరికోసం ప్రత్యేకంగా చేసిన చట్టం. అంటే మీకు హక్కు కాదు, సర్కారు దయ."

"మా తాతలు ఏరిన పూలే గదా?"

"అప్పుడు అడిగేవాడు లేడు."

కామేశం చేతికందిన మామిడికాయ తెంపబోయాడు. ఇర్మా చెయ్యి అడ్డుపెట్టాడు.

"కొత్తకాయల పండుగ ఇంకా చెయ్యలే. అందాక ఎవరూ ముట్టరు."

"నేను సర్కారు మనిషిని."

"అందుకే నీడల కూసోనిచ్చినం. అది మీకు ప్రివిలేజి."

అంతదాకా హాయిగా ఉన్న నీడలో కామేశానికి చెమట పట్టింది. కుర్చీ ఎండలోకి లాక్కున్నాడు.