నాలుగు పేర్ల తెర

కాకినాడలో అందరిళ్లలాగే హైమవతి ఇంట్లోనూ వంటగది గోడే కంచాలు పెడుతుంది. తెర మీది జాబితాలో ఎవరి పేరుంటే వాళ్లకే పెడుతుంది. నిన్న కంపెనీవాళ్లు మార్చిన తెరలో నాలుగు పేర్లే పడుతున్నాయి. అయిదోది వేలితో జరిపితే తప్ప కనబడదు. ఆ అయిదో పేరు అత్తగారిది. రాత్రి తన కంచం ఆవిడకిచ్చి, ఆకలి లేదంది హైమవతి.

"షుగరు మాత్ర వేసేసుకున్నానే. నేను పోయాననుకుంటోందేమిటి మీ గోడ?" అంది పొద్దున్నే అత్తగారు.

హైమవతి తెరలో తప్పులు వెతికే కంపెనీవాళ్ల పరీక్షమరను పిలిచింది. అది తెరంతా నొక్కి చూసుకుని, "కనబడే పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయండీ," అంది.

"కిందికి జరిపి చూడు తల్లీ," అంది హైమవతి.

"కింద ఏమీ లేదండీ."

మూడుసార్లు అడిగినా అదే మాట. విసిగిపోయి హైమవతి అత్తగారి పేరును తనే పైకి లాగింది. వెంటనే నాలుగు కంచాల్లో ఇడ్లీలు వచ్చాయి. భర్త, పిల్లలిద్దరూ తమ కంచాలు పట్టుకుపోయారు.

"అందరూ ఉన్నారండీ," అంది పరీక్షమర.

అత్తగారు ఒక ముక్క తుంచి ఆగింది. "మరి నీదేదే?"

హైమవతి తెర వైపు చూసింది. తన పేరు కిందికి పోయింది. పైకి లాగితే మళ్లీ అత్తగారి పేరు కిందికి పోతుంది.

"ఇలా కూర్చో," అని అత్తగారు కంచం మధ్యకి జరిపి, గొంతు తగ్గించింది. "ఆ గోడకి తెలియనివ్వకు. ఇద్దరికీ ఒకటి చాలనుకుంటుంది."