నిద్రపోతున్న మనిషి ఫొటో

నెట్ సెంటర్‌లో తనకు నచ్చిన బొమ్మలు వెతికి, ప్రింట్ తీసి వనపర్తి హాస్టల్ గోడకు అంటించడం ఉమారాణికి అలవాటు. ఆ ఆదివారం తెచ్చిన ఫొటోలో, ఇసుక కుప్పకు ఆనుకుని ఒక కూలిమనిషి నిద్రపోతోంది.

ఉమారాణి గదిలోనే ఉండే హెప్సిబా ఆ ముఖం చూసి గంతేసింది.

"అక్కా, గిది మా అమ్మనే! ముంబైకి పనికి పోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా పండుకున్నదనే చెప్తుండు మేస్త్రి. పరేషాన్ అయితుంటి. నిజంగనే పండుకున్నది సూడు!"

"నెట్ ఆగిపోతే వచ్చిన కాడికే ప్రింట్ తీసిన. మొత్తం ఫొటో చూద్దాం, పా."

ఇద్దరూ నెట్ సెంటర్‌కు వెళ్లారు. ఫొటో పైనుంచి మెల్లగా తెరుచుకుంటోంది. ముఖం వచ్చింది, గాజుల చేతులు వచ్చాయి. ఎంత హాయిగా నిద్రపోతోందో అని ఫొటో పక్కన ఎవరెవరో ఇంగ్లీషులో మెచ్చుకుంటూ రాశారు.

"ఇంటికాడ గిట్ల ఎన్నడూ పండుకోలే" అని హెప్సిబా నవ్వింది.

చివరికి పాదాలు కనిపించాయి. రెండు బొటనవేళ్లనూ దగ్గరికి చేర్చి, గుడ్డపేలికతో ఎవరో కట్టారు.