ఆయన బొంత

"ఊరందరికీ బొంతలు కుట్టావు వదినా. అన్నయ్యకి కుట్టడానికి ఇన్నేళ్లు పట్టిందా?" ఆస్పత్రి మంచం పక్కన నిలబడి ఆడపడుచు నిష్ఠూరంగా అడిగింది.

"మీ అన్నయ్య కప్పుకుంటే కదా? నిద్రలో ఒక్క తన్ను తన్నేవారు, పోయి గోడ దగ్గర పడేది. అదే ఎవరికైనా కుట్టి ఇస్తే, వెచ్చగా పడుకున్నామని వాళ్లొచ్చి చెబితే, నాకు కడుపు నిండిపోయేది. ఈయనకి దండగ అనుకున్నాను."

మెట్ల మీద నుంచి పడ్డాక ఆయన కన్ను తెరవలేదు, వేలు కదపలేదు.

"ఇప్పుడు చూడు వదినా, ఎంత పొందిగ్గా ఉందో. రాత్రి కప్పింది కప్పినట్టే ఉంది."

"అది చూస్తుంటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదమ్మా."

ఆమె నీళ్ల సీసా పట్టుకుని బయటికి నడిచింది. ఏడవడానికి వరండా చివర కుళాయి దగ్గర తప్ప చోటు లేదు.

తిరిగొచ్చేసరికి మంచం మీద బొంత లేదు.

"నేను కిటికీ దగ్గరే ఉన్నాను వదినా, ముట్టుకోనైనా లేదు. జారిపోయిందేమో."

జారిన బొంత మంచం పక్కనే పడాలి. ఇది గోడ దగ్గర ముద్దగా పడి ఉంది.

ఆమె సీసా కింద పెట్టి, బొంత దులిపి తెచ్చి, ఆయన పాదాల దాకా కప్పింది. ఆ పాదాల దగ్గరే కూర్చుంది.

"ఊఁ, తన్నండి," అంది. "మళ్లీ తెచ్చి కప్పుతాను."