మామగారి నాలుక

"మళ్లీ మేస్తోంది చూడు!"

ద్రాక్ష పందిరి కింద మామగారి గొంతు ఖంగుమంది. కోడలు చేతిలో ఉన్న పండు గబుక్కున నోట్లో వేసుకుని గుత్తిని వదిలేసింది. కూలీలు కిసుక్కున నవ్వారు.

ఆయన దృష్టిలో మనుషులు రెండే రకాలు. తను, పనికిమాలినవాళ్లు. కొడుకు చెట్టుకు మందు కొట్టడం కూడా చేతకాని దద్దమ్మ. భార్య నోట్లో నాలుక లేని మనిషి. కోడలు ఆ పనికిమాలినవాళ్లలో మళ్లీ అట్టడుగు. కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆమెను "తిండిపోతు" అని తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

కానీ ఒక్క విషయంలో ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేరు. ద్రాక్ష ఎప్పుడు కొయ్యాలో ఆయన నాలుకకే తెలుసు. కోశాక ద్రాక్షకు తీపి ఎక్కదు. తొందరపడితే పులుపు, లారీ ఖాళీగా వెనక్కి పోతుంది. ఆలస్యమై వాన పడిందా, పండ్లు పగిలి కుళ్లిపోతాయి. ఏడాది కష్టమంతా ఆయన మాట మీదే ఉంటుంది. ఆయన ఒక పండు కొరికి, కళ్లు మూసుకుని, తొక్క తుపుక్కున ఉమ్మి "ఊఁ" అంటే తప్ప కత్తెరలు బయటికి రావు.

నిన్నటి నుంచి పడమట నల్లగా మబ్బు పట్టింది. పంట కొనే వ్యాపారి గేటు దగ్గర లారీ పెట్టుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"నాన్నా, వాన వచ్చేలా ఉంది. కోసేద్దాం," అన్నాడు కొడుకు.

"టీకీ కషాయానికీ తేడా తెలీని మొహం నీది. నువ్వు చెబుతావా నాకు?"

పొద్దున కోడలు ఒక పండు తిని మొహం చిట్లించింది. ఆయన తనూ ఒకటి కొరికి, "ఇంకా కాలేదు," అని ఉమ్మేశాడు.

అత్తగారికి ఉండబట్టలేదు. "ఏమండీ, రోజూ ఆ పిల్లని తిట్టే బదులు ఇంట్లోనే ఉండమనొచ్చుగా?"

"ఇంట్లో వదిలితే వంటింట్లో డబ్బాలన్నీ ఖాళీ చేస్తుంది. నా కళ్లముందే ఉండాలి. ఇలాంటి దొంగల మీద ఓ కన్నేసి ఉంచాలి."

నిజంగానే కన్నేసి ఉంచాడు. ఆమె ఏ వరసలోకి వెళ్తే ఆ వరసలోకి, చేతులు వెనక్కి కట్టుకుని, మూతి విరుచుకుంటూ. ఆమెకూ సిగ్గు లేదనుకోండి. అన్ని తిట్లు పడ్డాక ఇంకొకరైతే జన్మలో ద్రాక్ష ముట్టరు.

మధ్యాహ్నం ఉరిమింది. ఎండ బాగా తగిలే చివరి వరసలో కోడలు ఒక పండు తెంపుకుంది. అటూ ఇటూ చూసి ఇంకొకటి. తర్వాత గుత్తికి గుత్తే కోసి చేతిలోకి తీసుకుంది.

"సిగ్గూ ఎగ్గూ ఉందా నీకు? తోటంతా నీ పొట్టలోకేనా?"

అందరూ తిరిగి చూశారు. ఆమె తలొంచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన విసురుగా వచ్చి ఆ గుత్తి లాక్కుని, ఒక పండు కొరికి, కళ్లు మూసుకున్నాడు.

"ఊఁ. కొయ్యండి!"

వాన మొదలయ్యేసరికి ఆఖరి పెట్టె లారీ ఎక్కింది. వ్యాపారి ఒక పండు నోట్లో వేసుకుని దండం పెట్టాడు. "బెల్లం ముక్క! ఏం నాలుక పెద్దాయనా మీది!"

ఆయన అతన్ని కూడా పురుగును చూసినట్టే చూశాడు.

షెడ్డులో కోడలు టీ కాచి అందరికంటే ముందు మామగారికి ఇచ్చింది. ఆయన గటగటా తాగి గ్లాసు ఠపీమని పెట్టాడు.

"చక్కెర మీ పుట్టింటి నుంచి తెచ్చావా? టీ పెట్టమంటే పాకం పెట్టావు! నీకసలు రుచంటే తెలుసా?"

కోడలు తన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది.

హడావుడిలో ఆమె వేసింది ఉప్పు.