పాత కారుకు పళ్లచక్రం

"అన్నా, ఫ్లెక్సీ కొట్టిచ్చిన. ఇగ నువ్వు రాను అనద్దు," అన్నాడు షాకీర్, కోరుట్ల ఆటో స్టాండులో ప్రభుదాస్ ముఖం ముందు ఫోను పెట్టి.

ఫోనులో ఫ్లెక్సీ బొమ్మ. ఒక పక్క రిమోట్ పట్టుకున్న ప్రభుదాస్, ఇంకో పక్క రెండేళ్ల కింద చనిపోయిన అతని భార్య పుష్ప. పైన పెద్ద అక్షరాలతో, 'పుష్ప యాదిలో రిమోట్ కార్ల పందెం, వచ్చే ఆదివారం, జగిత్యాల' అని ఉంది.

ప్రభుదాస్ ఫోనును మెల్లగా పక్కకు జరిపాడు.

షాకీర్‌కు జగిత్యాలలో బొమ్మల దుకాణం ఉంది. ఖిల్లా వెనక ఖాళీ జాగాను చదును చేయించి, మలుపులు తీయించి, ఈ పందాలు మొదలుపెట్టింది అతనే. నాలుగేళ్లపాటు అక్కడ ప్రభుదాస్ కారును దాటిన కారు లేదు. కోరుట్లలో ఆటోలు నడిపేవాళ్లకు లెక్కలేదు గానీ, చాంపియనన్న మాత్రం ఒక్కడే. అంతకుముందు వాకిట్లో నిలబెట్టి మాట్లాడినవాళ్లు కూడా కుర్చీ వేసి చాయ్ పోశారు. ఆ కుర్చీ అంటే ప్రభుదాస్‌కు ప్రాణం.

పుష్ప బీడీలు చేసేది. ఆడవాళ్లెవరూ రాని ఆ జాగాకు, ఆదివారం ప్రార్థన కాగానే, మొగుడి వెంట ఆమె ఒక్కతే వచ్చి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చునేది. జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. ఆమెను మట్టిచేసిన రోజే కారు అటకెక్కింది. పాపం, దుఃఖంతో ఆట మానేశాడని అందరూ అనుకున్నారు. అందులో అబద్ధం లేదు.

"కారు నడువది భాయ్. లోపలి పళ్లచక్రం పోయింది. గా మోడల్ కంపెనోళ్లు బంద్ జేసిండ్రు," అన్నాడు ప్రభుదాస్.

"నేను తెప్పిస్త గదా."

మూడో రోజుకల్లా తెప్పించాడు. చక్రం ఇరుసుకు పట్టింది గానీ దాని పళ్లు మోటారు పళ్లలో కూర్చోలేదు. తిప్పితే కర్రుమంది. కారు ఒక కంపెనీది, చక్రం ఇంకో కంపెనీది. ప్రభుదాస్ లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

షాకీర్ పట్టిన పట్టు విడిచే రకం కాదు. "సిరిసిల్ల పోదాం పా. సాంచాల చక్రాలు జేసేటోళ్లకు గిదొక లెక్కనా?" అంటూ ప్రభుదాస్ ఆటోలోనే ఎక్కి కూర్చున్నాడు. తన గోతికి తానే ఆటో తోలుకుపోవడమంటే ఏమిటో ప్రభుదాస్‌కు వేములవాడ దాటేసరికి బాగా తెలిసొచ్చింది.

సిరిసిల్లలో లేత్ మిషన్ ముందు కూర్చున్న ఆనందం అనే మేస్త్రీ పాత చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మరమగ్గాలకు పళ్లచక్రాలు కోయడంలో తల నెరిసిన మనిషి.

"ఎన్ని పండ్లు?"

"డెబ్బై," అన్నాడు ప్రభుదాస్ గబుక్కున.

ఆనందం కళ్లద్దాలు సర్దుకుని గోటితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "డెబ్బై ఆరు గదనయ్యా."

"డెబ్బయ్యే అని నాకు యాది."

"చక్రం కంటె నీ యాదే ఎక్కువ అరిగింది తమ్మీ."

వాళ్లు చాయ్ తాగి వచ్చేలోపు తెల్లటి నైలాన్ చక్రం తయారైంది. పెడితే పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

"రిమోట్ గూడ ఖరాబైంది భాయ్," అన్నాడు ప్రభుదాస్ ఆఖరి సాకుగా.

కొత్త రిమోట్, దానికి జత కుదిరిన రిసీవరు షాకీర్ దుకాణంలోనే ఉన్నాయి. రిసీవరు కారులో బిగించి, రిమోట్ తెచ్చి చేతిలో పెట్టాడు. "భాబీ పేరు మీద పందెం. నువ్వే లేకుంటే ఎట్లనన్నా?"

కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి ప్రభుదాస్‌ది. రానంటే, పెళ్లాం పేరు మీది పందేనికి మొహం చాటేసినవాడవుతాడు. వచ్చి ఓడితే ఆ కుర్చీ పోతుంది. ఒక మాట చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. ఫ్లెక్సీలో పుష్ప నవ్వు చూసి మూసుకున్నాడు.

రెండు పొద్దున్లు ఇంటి వెనక కారు తిప్పి చూసుకున్నాడు. మొదటి రోజు మోరీలో పడింది. రెండో రోజు పక్కింటి గౌరవ్వ కోడిని తరిమింది.

"ఏందిరా చాంపియన్, గిదేనా నీ ఆట?" అంది గౌరవ్వ.

"కొత్త చక్రం గదనే. ఇంక కుదురుకోలె."

"నీకే మనసు కుదురుకోలె కొడుకా," అని ముసలమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆదివారం ఖిల్లా వెనక ఇసుక వేస్తే రాలనంత జనం. గీత మీద ఆరు కార్లు బారులు తీరాయి. షాకీర్ మైకు అందుకున్నాడు.

"చేతికి వచ్చిన ఆట ఏడికి బోతది? భాబీ పైనుంచి చూస్తది. అన్న కొట్టేది పక్కా."

చప్పట్లు మోగాయి. ప్రభుదాస్ రిమోట్ పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. అలవాటు కొద్దీ తన ఆటో వైపు చూశాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. పుష్పా, ఒక్కసారి రావే అని లోపల ఎంత మొత్తుకున్నా ఎవరు వస్తారు? కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆమె లేకుంట ఆడుడంటె అన్నకు ఎంత కష్టమో," అన్నారు వెనక నుంచి ఎవరో.

ఈల మోగింది. ఐదు కార్లు దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయాయి.

నాలుగేళ్లూ ప్రభుదాస్ కారును మలుపు మలుపుకూ తిప్పి గెలిపించింది, ఆ ఆటో వెనక సీట్లో ఒళ్లో పెట్టుకున్న బీడీల చాట కింద రిమోట్ దాచుకున్న పుష్ప. అన్నేళ్లూ అతను చేతిలో పట్టుకుని నిలబడ్డ రిమోట్‌లో ఒక్కనాడూ సెల్లు లేవు.