ఓడిపోయే పెద్దాయన

బందరు ఎగ్జిబిషన్‌లో ఆ పెద్దాయన మళ్ళీ ఓడిపోయాడు.

ఈసారి గెలిచింది మూడో తరగతి పిల్ల. "అమ్మా, నాకిది కావాలి" అంటూ ఆట సెట్టుని గుండెకి హత్తుకుని వదల్లేదు. వాళ్ళమ్మకి కొనక తప్పలేదు.

సెట్టు సంచిలో పెట్టిస్తూ సుచిత్ర పెద్దాయన వైపు విసుగ్గా చూసింది.

మూడు రోజులుగా ఇదే వరస. సాయంత్రం కాగానే వచ్చి, ఆడి చూడ్డానికి వేసిన బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎవరొచ్చినా ఆడతాడు. ఓడిపోతాడు. తను మాత్రం ఒక్క సెట్టూ కొనడు.

'పడవలాట' సుచిత్ర, ఆమె భర్త క్రాంతి కుమార్ కలిసి తయారుచేసిన బోర్డు గేమ్. తుపాను వచ్చేలోగా దివిసీమ పాయల్లోంచి పడవల్ని రేవుకి చేర్చాలి. అమ్మడానికి పెద్ద కంపెనీలు చేసేవన్నీ వాళ్ళూ చేశారు. మామూలు సెట్టు చవగ్గా, చెక్క పడవలున్న సెట్టు ఖరీదుగా పెట్టారు. అదనపు కార్డులు విడిగా అమ్మకానికుంచారు. రీల్స్ తీసి వదిలారు.

"ఆయనకి ఆట తలకెక్కట్లేదు. చూసేవాళ్ళు ఇదేదో కష్టమైన ఆట అనుకుంటారు" అంది భర్తతో.

"పోనీలే, పెద్దాయన" అన్నాడు క్రాంతి.

ఆమె ఊరుకోలేదు. బల్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబాయిగారూ, కొనేవాళ్ళకి చోటు చాలట్లేదండి. ఏమీ అనుకోకండి."

"దానికేముందమ్మా" అంటూ ఆయన నవ్వుతూ లేచాడు. "ఆట బాగుంది. ఓపిగ్గా చేశారు."

మర్నాడు ఆ కుర్చీలో క్రాంతి కూర్చున్నాడు. ఆట తయారుచేసినవాడికి కిటుకులన్నీ తెలుసు. ఎవరొచ్చినా తనే గెలిచాడు. ఓడినవాళ్ళు "బాగుందండీ" అంటూ లేచి మిరపకాయ బజ్జీల కొట్టు వైపు వెళ్ళిపోయారు.

చీకటి పడేదాకా ఒక్క సెట్టూ కదల్లేదు.

"నిన్నటిదాకా కొన్నవాళ్ళెవరు?" క్రాంతి నెమ్మదిగా అడిగాడు.

సుచిత్ర గుర్తుచేసుకుంది. మూడో తరగతి పిల్ల. గుడివాడ నుంచి వచ్చిన కొత్త దంపతులు. చేపల మార్కెట్లో కూర్చునే చిట్టెమ్మ. అందరూ పెద్దాయన మీద గెలిచినవాళ్ళే.

"ఆట రాని మనిషి కూర్చోవడమే మనకి కలిసొచ్చింది" అంది నవ్వేస్తూ. "రేపొస్తే టీ ఇప్పించి కూర్చోబెడదాం."

ఆయన రాలేదు. బదులుగా నలభై ఏళ్ళ మనిషి ఒకడు వచ్చాడు.

"చెక్క పడవల సెట్టు ఒకటివ్వండి. దయానందం గారికి. మూడు సాయంత్రాలు ఇక్కడే ఆడారట. ఇవాళ పొద్దున అవనిగడ్డకి ఇల్లు మారిపోయారు. కొని పంపమన్నారు."

సుచిత్ర మనసు తేలికపడింది. ఆయన కోపం పెట్టుకోలేదన్నమాట. అన్నిట్లోకీ మంచి సెట్టు ఏరి, తుడిచి ఇచ్చింది. అదనపు కార్డుల పొట్లం కూడా ఊరికే పెట్టింది.

"ఇంట్లో నిదానంగా నేర్చుకోమని చెప్పండి. ఇక్కడ ఒక్కసారి కూడా గెలవలేదు పాపం."

"ఒక్కసారి కూడా గెలవలేదా?"

"లేదండి. పిల్లల చేతిలో కూడా ఓడిపోయారు."

ఆ మనిషి ఖాళీ కుర్చీకేసి చూశాడు. తర్వాత నవ్వాడు.

"నేను రాష్ట్రం తరఫున రెండుసార్లు చెస్ ఆడానండి. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర నేర్చుకుంటున్నాను. ఆయన మీద ఇంతవరకు ఒక్క ఆటా గెలవలేదు."